సున్న డిఫైన్ గాలేదంట సార్!

ఇబ్రహీంపట్నంల మా ఇంటికి సాయంత్రం పూట నలుగురైదుగురు ఇంజినీరింగ్ పిల్లలు వస్తరు. సాగర్ రోడ్డు పొంటి, మంగళ్‌పల్లి, శేరిగూడ దిక్కు కాలేజీలు మస్తుగున్నయి గదా, అండ్ల సదివేటోళ్లే. పోయిన నెల ఒక పిల్ల వచ్చి "సార్, సున్న డిఫైన్ గాలేదంట" అన్నది. నవ్వొచ్చింది గానీ ఆమె మొఖం చూసి ఆపుకున్న. ల్యాబ్‌ల రెండు గంటలు గా ఒక్క తప్పుతోనే కొట్లాడిందట. "నాది తెలుగు మీడియం సార్, కోడింగ్ నాకు రాదు, బ్రాంచి మార్చుకుంట" అన్నది.

ప్రోగ్రాం చూసిన. సున్న కొట్టాల్సిన జాగల పెద్ద 'ఓ' పడ్డది. పైథాన్‌కు ఆ పేరు తెల్వదు, అందుకే డిఫైన్ కాలేదని చెప్పింది. ఎర్రర్ గూడ అదే ఫాంటుల వస్తది గదా, ఆమెకు అదీ సున్న లెక్కనే కనవడ్డది. స్క్రీన్ మీద ఉన్నది కొరియర్ న్యూ, అదిగూడ సన్నటి సైజుల.

అసలు కోడ్‌కు వేరే ఫాంటు ఎందుకు? మనం చదివే మామూలు ఫాంట్లల్ల 'ఐ' సన్నగ ఉంటది, 'ఎమ్' వెడల్పుగ ఉంటది. టైప్ మిషన్‌ల అట్ల కుదరదు. ఏ మీట కొట్టినా కాగితం అంతే దూరం జరుగుతది, అందుకే అన్ని అక్షరాలకు ఒకటే వెడల్పు. దీన్నే మోనోస్పేస్ అంటరు. కొరియర్‌ను 1950లల్ల హోవర్డ్ కెట్లర్ ఐబీఎం టైప్ మిషన్ల కోసమే గీసిండు. పైథాన్‌ల లైను ఎంత లోపలికి జరిగిందన్నదాని మీదనే అర్థం ఆధారపడి ఉంటది. వెడల్పు సమానంగ ఉంటేనే ఆ వరుస కంటికి ఆనుతది.

కానీ వెడల్పు ఒకటే ఉంటే సాలదు. సున్న, పెద్ద 'ఓ' పక్కపక్కన కొట్టి చూడుండ్రి. తర్వాత పెద్ద 'ఐ', చిన్న 'ఎల్', ఒకటి అంకె. రెండు మూరల దూరం జరిగి గూడ ఏది ఏదో చెప్పగలిగితే ఆ ఫాంటు మీకు పనికొస్తది. ఇది మన పిల్లల కష్టమే కాదు. 2001ల గైడో వాన్ రోసమ్ వాళ్లు మొదలువెట్టిన పైథాన్ రాత పద్ధతుల పత్రం, పెప్ 8, ఈ మూడు అక్షరాలను ఒంటిగ పేర్లకు వాడొద్దనే చెప్తది. కొన్ని ఫాంట్లల్ల అవి అంకెల లెక్కనే కనవడుతయని కారణం గూడ రాసిండ్రు.

ల్యాబ్ కంప్యూటర్ల కొత్త ఫాంటు ఎక్కించుకోనియ్యరు. విండోస్‌ల కన్సోలాస్ ముందే ఉంటది, సున్నల అడ్డగీత ఉంటది. దాన్ని పెట్టి సైజు 14 చేసుకుంటే సగం తిప్పలు పోతయి. సొంత ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు 2020ల వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనో, అడోబీ వాళ్ల సోర్స్ కోడ్ ప్రో ఫుకట్‌కే దొరుకుతయి. ఫిరా కోడ్ అందంగ ఉంటది గానీ, అది ఆశ్చర్యార్థకం, ఈక్వల్ గుర్తు కలిపి ఒకటే బొమ్మ చేస్తది. మొదటి ఏడు పిల్లలకు నేనైతే వద్దంట. పరీక్షల చేత్తో రాసేటప్పుడు ఆ బొమ్మనే గీసి వస్తరు.

కామెంట్లు తెలుగుల రాసుకోమని నేనే చెప్త. అండ్ల ఒక చిక్కున్నది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లోపల ఆరు కోడ్లు. ఇంగ్లీషు అక్షరం పట్టే గడిల వత్తులు, గుడులు ఇమడవు. ఎడిటర్ ఆ తెలుగును వేరే ఫాంటు నుంచి తెచ్చి పెడ్తది, వరుస జరుగుతది. రెండో ఫాంటుగ నోటో సాన్స్ తెలుగు పెట్టి, లైన్ల నడుమ ఎడం జర పెంచితే వత్తులు కింది లైనుకు తాకవు. వరుస మాత్రం పూర్తిగ కుదరదు, అందుకే తెలుగు కామెంటును కోడ్ పక్కన కాకుండ పై లైన్ల రాయమంట.

ఆ పిల్ల ఇప్పుడు నోటుబుక్కుల గూడ సున్నకు అడ్డగీత కొడుతున్నది. లెక్కల పేపర్ల మాత్రం కొట్టకు బిడ్డా అని చెప్పిన, దిద్దే సారు దాన్ని 'ఫై' అనుకుంటడు.