గోళ్ళ మెరుపు – చర్మానికి ముప్పు

ఆషాఢమాసంలో గోరింటాకు పెట్టుకోవడం తెలుగు ఇళ్ళలో అనాదిగా వస్తున్న ఆచారం. ఇటీవల పెళ్ళిళ్ళ సందర్భాలలో జెల్ పాలిష్, కృత్రిమ గోళ్ళు కూడా మన ఇళ్ళలో ప్రవేశించాయి. వీటివల్ల కలిగే ఒక చర్మవ్యాధిని గూర్చి పాఠకులకు తెలియజేయడం నా విధిగా భావిస్తున్నాను.

సాధారణ నెయిల్ పాలిష్‌లోని ద్రావకం ఆవిరైపోగానే పూత ఆరుతుంది. జెల్ పాలిష్ అలాంటిది కాదు. అందులో అక్రిలేట్లు, మెథాక్రిలేట్లు అనే చిన్న అణువులుంటాయి. అతినీలలోహిత దీపం కింద చేయి ఉంచినప్పుడు అవి దారానికి గుచ్చిన పూసల వలె ఒకదానితో ఒకటి కలిసి గట్టి పొరగా మారతాయి. పూర్తిగా గట్టిపడిన పొరవల్ల భయం స్వల్పం. దీపం శక్తి చాలకున్నా, పూత మందమైనా, రసం గోటి చుట్టూ చర్మానికి అంటినా, కలవక మిగిలిన అణువులు చర్మంలోనికి చొచ్చుకొనిపోతాయి. అక్కడి మాంసకృత్తులతో బంధం ఏర్పరచుకొంటాయి. శరీరం వాటిని శత్రువులుగా గుర్తుంచుకొంటుంది.

సుశ్రుతసంహిత కల్పస్థానంలో దూషీవిషం వర్ణితమైంది. అది వెంటనే ప్రాణం తీయక, శరీరంలో నిలిచి, అదను చూసి ప్రకోపిస్తుంది. ఇదీ అదీ ఒకటేనని నేననను. పోలిక మాత్రం గమనింపదగినది. నెలల తరబడి ఏ బాధా లేకుండా వాడినవారికే ఒకనాడు వ్యాధి బయటపడుతుంది.

వేళ్ళ కొనలు ఎర్రబడి, దురదపెట్టి, పగులుతాయి. గోరు చర్మం నుండి విడివడుతుంది. చేయి తగిలే కనురెప్పల మీద, మెడ మీద కూడా దద్దురు లేస్తుంది. నా వద్దకు వచ్చిన ఒక బ్యూటీ పార్లర్ ఉద్యోగిని కనురెప్పల దురదకు ఆరు నెలలపాటు వంకాయ, గోంగూర మానివేసి పథ్యం చేసింది. ఆమె వేళ్ళను చూచి చర్మవైద్యుని వద్దకు పంపాను. ప్యాచ్ టెస్టులో కారణం తేలింది. ఆ పని విడిచిపెట్టాకనే ఆమె కోలుకొన్నది.

ఒకసారి ఏర్పడిన ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటి పూడికలోను, కీలుమార్పిడిలో వాడే సిమెంటులోను, మధుమేహులు చేతికి అతికించుకొనే కొన్ని పరికరాల జిగురులోను ఈ జాతి పదార్థాలే ఉన్నాయి. నేటి అలంకరణ రేపటి చికిత్సకు అడ్డుపడవచ్చు. అందుకే ఐరోపా సమాఖ్య 2020లో ‘హేమా’ అనే మెథాక్రిలేటు గల గోళ్ళ పూతలను శిక్షణ పొందినవారే వాడాలని నియమం చేసింది.

క్రీముల డబ్బాలపై ‘కార్బోమర్’, ‘అక్రిలేట్స్ కోపాలిమర్’ అన్న పేర్లు చూచి బెదరనక్కరలేదు. అవి ముందే కలిసి గట్టిపడిన పదార్థాలు.

పాఠకులు పాటించవలసినవి:

1. జెల్ పాలిష్‌ను ఇంటివద్ద స్వయంగా వేసుకోవద్దు. పిల్లలకు అసలే వద్దు.

2. పలుచని రబ్బరు తొడుగులను నమ్మవద్దు. ఈ అణువులు వాటిని నిమిషాలలో దాటగలవు.

3. దురద మొదలైతే వాడకం ఆపి, చర్మవైద్యునిచే పరీక్ష చేయించుకోండి. పగిలిన చర్మంపై నిమ్మరసం, వేపాకు ముద్ద రుద్దవద్దు.

4. అలర్జీ ఉన్నట్లు తేలితే దంతవైద్యునికి, శస్త్రవైద్యునికి తప్పక చెప్పండి.

5. గోరింటాకు పెట్టుకొనేవారు ఇంట రుబ్బిన ఆకునే వాడండి. నల్లగా పండే కోన్లలో కలిపే రంగు కూడా చర్మాన్ని పుండు చేయగలదు.

మా ఔషధాలు దురదను తగ్గించవచ్చునే గాని శరీరానికి కలిగిన ఆ జ్ఞాపకాన్ని చెరపలేవు. నిదాన పరివర్జనం, అనగా కారణాన్ని విడిచిపెట్టడమే, ఇక్కడ ప్రథమ చికిత్స.