సెకనులో పదోవంతు

రాజధానిలో ఓడినవారిని తలచుకునే ఆనవాయితీ లేదు. అయితే 1960 సెప్టెంబరు 6న రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన మిల్ఖా సింగ్‌ను మాత్రం దేశం మరువలేదు.

అది 400 మీటర్ల పందెం. మైదానం చుట్టూ ఒకే చుట్టు. అమెరికాకు చెందిన ఓటిస్ డేవిస్, జర్మనీకి చెందిన కార్ల్ కౌఫ్‌మన్ ఇరువురూ 44.9 సెకన్లలో గీత దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఛాయాచిత్రం పరిశీలించాకే స్వర్ణం డేవిస్‌దని తేలింది. కాంస్యం దక్షిణాఫ్రికా ఆటగాడు మాల్కమ్ స్పెన్స్‌కు దక్కింది: 45.5. మిల్ఖా సింగ్ 45.6. ఇదే స్పెన్స్‌ను ఆయన 1958లో కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో ఓడించి స్వర్ణం గెలిచారు. రోమ్‌లో నడుమ వేగం తగ్గించడమే తన పొరపాటని ఆయనే పలుమార్లు చెప్పుకున్నారు.

ఆ పొరపాటును దేశం క్షమించింది. దేశ విభజన మారణకాండలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, కాందిశీకుడుగా ఢిల్లీ చేరి, టిక్కెట్టు లేని రైలు ప్రయాణానికి జైలుపాలై, సైన్యంలో చేరాక గాని పరుగు పందెమంటే ఏమిటో ఎరుగని యువకుడు అంతదూరం రావడమే ఘనకార్యం.

కాని తరువాతి కథ మాటేమిటి? రోమ్‌లో ఆయన నెలకొల్పిన జాతీయ రికార్డు 1998 దాకా, 38 ఏళ్లు, చెక్కుచెదరలేదు. 2021 జూన్ 18న ఆయన కన్నుమూసేనాటికి ఒలింపిక్స్‌లో పురుషుల 400 మీటర్ల తుది పోటీకి మరో భారతీయుడు చేరలేదు.

పోయిన పదోవంతు సెకనుకు మిల్ఖా సింగ్ జీవితాంతం సంజాయిషీ చెప్పుకున్నారు. ఆ 38 ఏళ్లకు సంజాయిషీ చెప్పవలసిన పీఠాలు ఈ రాజధానిలోనే ఉన్నాయి.