వీపున సంచి, ఊరికో నేస్తం

వీపున ఒక్క సంచి తగిలించుకుని, చౌకగా దొరికిన చోట పడుకుంటూ, రైళ్లూ బస్సులూ మారుతూ వారాల తరబడి ఊళ్లు చూసిరావడమే బ్యాక్‌ప్యాకింగ్. యూరప్ కుర్రకారులో చాలామందికి ఇది చదువు ముగిసి ఉద్యోగంలో చేరేలోపు తీర్చుకునే ముచ్చట. నగరాలు దగ్గరదగ్గరగా ఉండటం దీనికి బాగా కలిసొచ్చింది. వియన్నాలో రైలెక్కితే గంటలో బ్రాటిస్లావా, రెండున్నర గంటల్లో బుడాపెస్ట్. ఒక్క పూటలో మూడు దేశాల రాజధానులు. ఇలా తిరిగొచ్చినవాళ్లను కదిపితే కోటలు, మ్యూజియంల కబుర్లు కాసేపట్లో అయిపోతాయి. ఆ తర్వాత చెప్పేదంతా దారిలో కలిసిన మనుషుల గురించే. ఆ పరిచయాలు అదృష్టంకొద్దీ దొరికినట్టు కనిపిస్తాయి గానీ, వాటి వెనక వందేళ్లకు పైబడి కూడగట్టుకుంటూ వచ్చిన ఏర్పాట్లున్నాయి.

ఊళ్లు తిరగడం ఒకప్పుడు శ్రీమంతుల వ్యవహారం. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లోని కలవారి బిడ్డలు ఒక పంతుల్నీ, నౌకర్లనీ వెంటబెట్టుకుని పారిస్, ఫ్లోరెన్స్, వెనిస్, రోమ్ చూసివచ్చేవారు. దానికి గ్రాండ్ టూర్ అని పేరు. జేబులో డబ్బులేని పిల్లలకు దారి తెరిచినవాడు ఒక జర్మన్ బడిపంతులు. ఆయన పేరు రిచర్డ్ షిర్మాన్, పనిచేసింది ఆల్టెనా అనే చిన్న ఊళ్లో. చదువు నాలుగు గోడల మధ్య కన్నా నడకలోనే బాగా వంటబడుతుందని నమ్మి, పిల్లల్ని అడవులవెంట తిప్పేవాడు. 1909 ఆగస్టులో అలా తీసుకెళ్లినప్పుడు గాలివాన ముంచుకొచ్చింది. ఒక పల్లె బడిలో గడ్డి పరుచుకుని అందరూ ఆ రాత్రి తలదాచుకున్నారు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, వాటిని కాలినడకన తిరిగే పిల్లలకు విడిదిగా ఇస్తే ఏం పోయిందన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతమైన యూత్ హాస్టల్ వెలిసింది. ఆనాటి గదులు అక్కడ ఇప్పటికీ మ్యూజియంగా ఉన్నాయి.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, షిర్మాన్ సైన్యంలో చేరాల్సి వచ్చింది. 1915 క్రిస్మస్‌కు వోజ్ పర్వతాల దగ్గర జర్మన్, ఫ్రెంచి సైనికులు తుపాకులు పక్కనబెట్టి రొట్టెలు, సారా, సిగరెట్లు ఇచ్చిపుచ్చుకోవడం ఆయన చూశాడు. దేశదేశాల కుర్రవాళ్లు ఒకరినొకరు తెలుసుకునే చోట్లు ఉండాలన్న మాట ఆయన మనసులో అప్పుడు పడింది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూత్ హాస్టళ్ల అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. అంటే మొదటి ఏర్పాటైన ఈ విడిదులు కేవలం చౌక కోసం పుట్టినవి కావు. మనుషులు కలవాలన్నది మొదటినుంచీ ఉన్న ఉద్దేశమే.

బాటసారులకు విడిది మనకూ కొత్తేం కాదు. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రా చరిత్రలో మజిలీ మజిలీకీ వసతి ఎలా ఉందో రాసుకుంటూ పోయాడు. అయితే మన సత్రాల్లో చాలావాటిలో పంక్తి కులాన్నిబట్టి ఉండేది. పక్కన ఎవరు పడుకుంటారో, పొయ్యి మీద ఎవరి గిన్నె తర్వాత ఎవరి గిన్నె ఎక్కుతుందో అడగని విడిది కావడమే యూత్ హాస్టల్‌లోని గొప్ప.

రెండో ఏర్పాటు రైలు. 1959లో యూరప్ బయటి దేశాల వాళ్ల కోసం యూరెయిల్ పాస్ వచ్చింది. 1972లో యూరప్ కుర్రవాళ్ల కోసం ఇంటర్‌రెయిల్ మొదలైంది. 21 ఏళ్ల లోపువాళ్లు ఒక్క టికెట్‌తో 21 దేశాల్లో నెలరోజులు తిరిగే వీలుండేది. అంతర్జాతీయ రైల్వే సంఘం స్వర్ణోత్సవం పేరిట ఆ ఒక్క ఏడాదికే అనుకున్నది, గిరాకీ చూసి ఆపలేకపోయారు. వయసు పరిమితి కూడా తర్వాత పోయింది. 2018 నుంచి యూరోపియన్ యూనియన్ తన 18 ఏళ్ల యువతీయువకుల్లో ఎంపికైనవారికి రైలు పాసులు ఉచితంగానే ఇస్తోంది. ఇక్కడినుంచి వెళ్లే మనవాళ్లు కొనాల్సింది యూరెయిల్ పాస్. ఒక తిరకాసుంది: ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వేగపు రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా డబ్బు కట్టాలి. జర్మనీ, ఆస్ట్రియాల్లో చాలా రైళ్లకు ఆ బెడద లేదు. నాలుగైదు ఊళ్లే చూసేవాళ్లకు ముందుగా కొన్న విడి టికెట్లో, బస్సులో చౌకగా తేలతాయి. 2013లో జర్మనీ దూరప్రాంత బస్సుల మీద ఆంక్షలు సడలించాక ఫ్లిక్స్‌బస్ లాంటివి పుట్టుకొచ్చాయి. రాత్రి రైలు మరీ మేలు, ప్రయాణమూ పడకా ఒకే ఖర్చులో తేలిపోతాయి. ఆస్ట్రియా రైల్వే 2016 చివర్లో నైట్‌జెట్ పేరుతో ఆ రైళ్లకు మళ్లీ ఊపు తెచ్చింది.

ఇక అసలు కథ నడిచేది హాస్టల్లో. గదికి నాలుగు నుంచి పన్నెండు దాకా పడకలు, ఒకదానిపై ఒకటి మంచాలు, సామాను పెట్టుకునే లాకరు. తాళం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి. స్త్రీలకే కేటాయించిన గదులు చాలాచోట్ల ఉంటాయి. పడక ధర ఊరినిబట్టి మారుతుంది. క్రాకోవ్, బుడాపెస్ట్‌లలో చౌక. ఆమ్‌స్టర్‌డామ్, జ్యూరిచ్‌లలో అదే పడకకు గుండె గుభేల్మంటుంది. గది కన్నా ముఖ్యమైంది వంటిల్లు. సాయంత్రమయ్యేసరికి సూపర్ మార్కెట్ సంచులతో అందరూ అక్కడికే చేరతారు. పొయ్యి ఖాళీ అయ్యేదాకా నిలబడాలి, నిలబడితే మాట కలవక తప్పదు. ఊరు విడిచి వెళ్లేవాళ్లు మిగిలిన ఉప్పు, నూనె, పాస్తా ఒక అరలో వదిలేస్తారు, అవసరమైనవాళ్లు తీసుకోవచ్చు. తెలుగువాళ్లు తెచ్చుకున్న ఆవకాయ సీసా అక్కడ మూత తీస్తే పరిచయ వాక్యాలతో పనిలేదు. కాకపోతే ఎదుటివారికి చెంచా కొసన రుచి చూపించి ఊరుకోవడం క్షేమం.

వంటింట్లో ఎదురుపడితే స్నేహం కుదురుతుందన్నది ఊరికే చెప్పే మాట కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు అమెరికాలో ఒక విద్యార్థి నివాస సముదాయాన్ని పరిశీలించి 1950లో పుస్తకం వేశారు. స్నేహాలు ఎక్కువగా పక్కపక్క వాటాలవాళ్ల మధ్యే కుదిరాయని, మెట్ల దగ్గర ఉన్నవాళ్లకు పై అంతస్తులోనూ స్నేహితులు ఎక్కువని తేలింది. పదేపదే ఎదురుపడటమే స్నేహానికి మొదటి మెట్టు. కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో మరో లెక్క చెప్పాడు: ముఖపరిచయం మామూలు స్నేహంగా మారాలంటే సుమారు 50 గంటలు కలిసి గడపాలి, ప్రాణస్నేహానికి 200 గంటలు దాటాలి. ఆఫీసు పని ముగిశాక దొరికే తీరికలో 50 గంటలకు నెలలు పడుతుంది. పొద్దుటినుంచి రాత్రిదాకా కలిసి తిరిగేవాళ్లకు నాలుగు రోజులు చాలు. పైగా ఎల్లుండి వేరే రైలెక్కిపోయే మనిషి దగ్గర దాపరికం అక్కర్లేదు. ఊళ్లోవాళ్లతో చెప్పని సంగతులు కూడా దారిన పోయే అపరిచితుడితో చెప్పుకుంటారని సమాజ శాస్త్రవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లోనే గమనించాడు.

హాస్టల్ బయట పరిచయాలకు మంచి చోటు నడక టూర్లు. ముందు రుసుము ఉండదు, రెండు మూడు గంటలు ఊరు చూపించాక నచ్చినంత ఇవ్వొచ్చు. పేరుకు ఉచితమే అయినా గైడుకు ఆ చిల్లరే జీతం కాబట్టి ఉత్త చేతులతో జారుకోవడం మర్యాద కాదు. బుడాపెస్ట్‌లో పాడుబడిన భవనాల్లో వెలసిన బార్లు మరో కూడలి. వాటికి ఒరవడి పెట్టిన సింప్లా కెర్ట్ 2002లో మొదలైంది. వీటన్నిటినీ మించింది స్పెయిన్‌లోని సాంటియాగో యాత్ర. ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సాన్ జాన్ పియే ద పోర్ నుంచి పాంప్లోనా, బుర్గోస్, లియోన్ నగరాల మీదుగా సాంటియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్ల కాలిబాట. అందరూ రోజుకు ఇరవై, పాతిక కిలోమీటర్లే నడుస్తారు కాబట్టి పొద్దున విడిపోయినవాళ్లు సాయంత్రం యాత్రికుల విడిదిలో మళ్లీ కనబడతారు. చివరి 100 కిలోమీటర్లు నడిచినా చర్చి యాత్రాపత్రం ఇస్తుంది. మతంతో నిమిత్తం లేకుండా నడిచేవాళ్లూ ఎందరో.

అందరూ మాట కలపరు. ఉత్తర యూరప్ రైళ్లలో మౌనమే మర్యాద, దాన్ని పొగరు అనుకోకూడదు. హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక లైటు వేయడం, ప్లాస్టిక్ కవర్లు చప్పుడు చేయడం, గదిలో ఫోన్ స్పీకర్ పెట్టడం లాంటివి ఎంత స్నేహాన్నైనా చెడగొడతాయి. భోజనం బిల్లు ఎవరి వాటా వారు ఇచ్చుకుంటారు. నేనిస్తానంటూ పట్టుబడితే అవతలివారు ఇబ్బంది పడతారు. మితిమీరిన చనువు చూపేవాళ్లతో జాగ్రత్త. పారిస్ సాక్రె కేర్ చర్చి మెట్ల దగ్గర స్నేహం పేరిట చేతికి దారం కట్టి డబ్బు గుంజే ముఠాలు, బుడాపెస్ట్‌లో పలకరించి బార్‌కు తీసుకెళ్లి వేలల్లో బిల్లు చేతిలో పెట్టించే ఆడవాళ్లు పాత మోసాలే అయినా ఇంకా నడుస్తున్నాయి. బార్సిలోనా మెట్రోలో పర్సు పోగొట్టుకోవడానికైతే స్నేహం కూడా అక్కర్లేదు.

మూడో ఏర్పాటు సరిహద్దులు చెరిగిపోవడం. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ పల్లెలో కుదిరిన ఒప్పందం 1995లో అమల్లోకి వచ్చింది. బల్గేరియా, రుమేనియా 2025 జనవరిలో పూర్తిగా కలవడంతో ఇప్పుడందులో 29 దేశాలున్నాయి. బ్రిటన్, ఐర్లండ్ లేవు, వాటికి వేరే వీసా కావాలి. సరిహద్దులు అడ్డురాని ఈ స్వేచ్ఛ భారతీయులకు సగమే దక్కుతుంది. జర్మన్ కుర్రాడు మనసు మారితే ప్రేగ్ రైలు వదిలేసి రోమ్ రైలెక్కుతాడు. మనం ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటామో, దానికి బ్యాంకులో ఎంతుందో ముందే కాగితాల మీద చూపించాలి. వీసా రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా ఉండాలి, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దారి తోచినట్టు మార్చుకోవడమే ప్రాణమైన ఈ ప్రయాణానికి ఇది పెద్ద సంకెల. 2024 ఏప్రిల్ నుంచి కొంత వెసులుబాటు వచ్చింది: గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా దొరికే వీలుంది.

ఈ బాధ లేనివాళ్లు తెలుగువాళ్లలోనూ ఉన్నారు. జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్న మన పిల్లలకు అక్కడి నివాస అనుమతి కార్డే మిగతా షెంగెన్ దేశాలకు వీసాగా పనిచేస్తుంది, 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు. 2023 మేలో వచ్చిన డాయిచ్‌లాండ్ టికెట్‌తో నెలకింత కట్టి దేశమంతటా ప్రాంతీయ రైళ్లెక్కొచ్చు, వేగపు రైళ్లకు చెల్లదు. అలాంటివారు సెలవులన్నీ సొంత ఊరివాళ్లతో వాట్సాప్ గ్రూపులు కట్టి తిరగకుండా ఒకసారైనా ఒంటరిగా బయల్దేరాలి. నలుగురు గుంపుగా వెళ్తే హాస్టల్ వంటింట్లో ఐదోవాడితో మాటే పడదు. ఇక్కడినుంచి వెళ్లేవారు ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే వీసా దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవికి వెళ్లదలచినవారు ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోవడం మంచిది.