చిప్పుల కర్మాగారము: క్రొత్త పద్ధతికి తగిన కాలము

నేఁడు సెల్ ఫోనులోను మోటారుకారులోను పనిచేయు చిప్పును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. గుండ్రని సిలికాను పలకమీఁద వెలుతురు సాయమున మిక్కిలి సన్నని గీఁతలు ముద్రించి, పిమ్మట దానిని చిన్న తునుకలుగాఁ గోయుదురు. ఆ తునుకయే చిప్పు. గీఁతలు సన్నపడినకొలఁది ఒక పలకయందు ఎక్కువ చిప్పులు పట్టును. విద్యుత్తు వ్యయమును తగ్గును. అట్లయినచో క్రొత్త పద్ధతి వెలువడఁగానే కర్మాగారమును మార్చుట మేలు గదా యని మీ రడుగవచ్చును.

లెక్క యంత తేలిక కాదు. అగ్రశ్రేణి కర్మాగార మొకటి కట్టుటకు వేయికోట్ల డాలర్లు చాలవు. తొలినాళ్లలో దిగుబడియు తక్కువ. పలకలోని చిప్పులు పెక్కులు పనికిరాక పాఱవేయవలసి వచ్చును. పాత యంత్రములన్ననో, వెల తీఱిన పిమ్మట అప్పు తీఱిన యెద్దులవంటివి. మేఁతకు పోఁగా తక్కినదంతయు మిగులే. కనుక కొనువారు ముందుగాఁ గుదిరి, దిగుబడి నిలకడకు వచ్చునన్న నమ్మకము చిక్కినప్పుడే మార్పు తగునని నా యభిప్రాయము.

అమెరికాలోని ఇంటెల్ సంస్థ 10 నానోమీటర్ల పద్ధతిని 2016 ప్రాంతమునఁ దేఁదలఁచెను. ఈ యంకెలు నేఁడు కొలతలు కావు, తరగతుల పేళ్లు మాత్రమే. ఆ చిప్పులు విరివిగా వెలువడినది 2019లో. కారణ మేమనఁగా, ఒక్క గంతులో సాంద్రతను 2.7 రెట్లు పెంచఁజూచిరి. అందుకుఁ దగిన సూక్ష్మమైన వెలుతురు నిచ్చు యంత్రము లప్పటికి సిద్ధముగా లేవు. పాత వెలుతురుతోనే ఒక్కొక్క పొరను పలుమాఱులు ముద్రింపవలసివచ్చెను. ముద్రణలు పెరిగినకొలఁది తప్పులును పెరిగి, దిగుబడి కుంటువడెను. ఈలోపల పోటీదారగు ఏఎండీ, తైవానులోని టీఎస్ఎంసీచేత చిప్పులు చేయించుకొని ఇంటెల్ బేరములను కొంత లాగుకొనెను.

ఆ టీఎస్ఎంసీ చేసిన దేమి? ఇంచుమించు అదే స్థాయిదైన తన 7 పద్ధతిని 2018లో పాత వెలుతురుతోనే నడపెను. క్రొత్త యంత్రములను 2019లో కొన్ని పొరలకు మాత్రము వాడి, చేయి తిరిగిన పిమ్మట 2020లో 5 పద్ధతియందు విరివిగా వినియోగించెను. నా మట్టుకు నాకు ఇదియే తెలివైన వరుస. ఆపిల్ వంటి పెద్ద కొనుగోలుదారులు వెనుక నుండుటయు దానికిఁ గలిసివచ్చినది.

అట్టి యండ లేనివారి సంగతి వేఱు. గ్లోబల్ ఫౌండ్రీస్ సంస్థ 2018 ఆగస్టులో 7 పద్ధతి ప్రయత్నమును విరమించి, 14, 12 తరగతులయందే నిలిచెను. ఓటమి యని కొంద ఱనవచ్చును, నే నట్లనను. 2021లో చిప్పులు దొరకక మోటారు కర్మాగారము లాఁగినప్పుడు, కొఱఁతపడినవానిలో పెక్కులు పాత తరగతులవే. మన దేశమున, గుజరాతులోని ధొలేరాలో 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిన టాటా కర్మాగారము సైతము 28 మొదలు 110 వఱకుఁ గల తరగతులకే యుద్దేశింపఁబడినది.