పతకాన్ని తోమితే పేరు పోతుంది

పాత ట్రంకు పెట్టెలో నల్లబడిన వెండి బిళ్ల ఒకటి దొరికిందనుకోండి. ఒకవైపు ఐదో జార్జి చక్రవర్తి తల, మరోవైపు గుర్రంపై మనిషి, పక్కన 1914, 1918 అంకెలు. అది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్. ఇలాంటిది చేతికి రాగానే చాలామంది విభూతో పళ్లపొడో తీసుకుని తోమడం మొదలుపెడతారు. పతకానికి అంతకు మించిన హాని లేదు.

ఈ పతకం అసలు విలువ దాని అంచులో ఉంటుంది. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం పేరు అక్కడ చిన్న అక్షరాలతో అచ్చుగుద్ది ఉంటాయి. ఆ యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు. వారిలో మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ వంటి దళాలవారూ ఉన్నారు. ఎన్నో కుటుంబాల దగ్గర ఉత్తరాలు గానీ ఫొటోలు గానీ మిగల్లేదు. అలాంటి చోట ఆ అంచే ఆధారం.

వెండి ఎందుకు నల్లబడుతుంది? పతకంలో 92.5 శాతం వెండి, మిగిలినది ప్రధానంగా రాగి. మురుగు నుంచి, బొగ్గు పొగ నుంచి, రబ్బరు నుంచి వెలువడే గంధక వాయువులు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొరగా మారతాయి. అంటే ఆ నలుపులో ఉన్నదీ పతకం వెండే. తోమినప్పుడల్లా ఆ పొరతో పాటు కొంత లోహం పోతుంది. అక్షరాల లోతు తగ్గుతుంది. కొన్ని తరాలు తోమాక పేరు చదవలేనంతగా అరిగిపోతుంది.

సుమారు 65 లక్షల వెండి పతకాలు ఇచ్చారు. వాటిలో చాలా ఇప్పుడు లేవు. ఒక్కోదానిలో దాదాపు ఔన్సు వెండి ఉండటంతో, 1980 జనవరిలో ఔన్సు ధర 50 డాలర్లకు చేరువైనప్పుడు ఎన్నో పతకాలను కరిగించేశారు. వాటితో పాటు పేర్లూ కరిగిపోయాయి.

భారత, చైనా, మాల్టా కూలీ దళాల వారికి ఇచ్చిన పతకాలు ఎక్కువగా కంచువి. మొత్తం సుమారు 1,10,000. వీటికి తేమ, ఉప్పు శత్రువులు. రాగితో క్లోరైడ్లు కలిస్తే లేత ఆకుపచ్చ పొడి పుట్టి లోహాన్ని లోపలికి తినేస్తుంది. విశాఖ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉండేవారు దీన్ని మరింత జాగ్రత్తగా గమనించాలి.

సేకరణకర్తలను వేధించే మరో సమస్య మోసం. పాత పేరును ఆకురాయితో అరగదీసి, ఎక్కువ ధర పలికే పేరు చెక్కుతారు. దీన్ని పట్టుకోవడానికి బడి ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ చాలు. పతకం వ్యాసం 36 మిల్లీమీటర్లు ఉండాలి. అంచు అరగదీస్తే కొలత తగ్గుతుంది. లోహం మీద అనుమానం ఉంటే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష ఉంది. ఎక్స్‌రే తగిలినప్పుడు ఒక్కో మూలకం తనదైన శక్తితో కిరణాలు వెలువరిస్తుంది. వాటిని కొలిచి, పతకాన్ని గీయకుండానే ఉపరితలంలో ఏ లోహం ఎంత ఉందో తెలుసుకోవచ్చు.

దాచేటప్పుడు ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పొడి చోట ఉంచండి. పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లాన్ని వదులుతాయి. ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు గంధకాన్ని వదులుతాయి. రిబ్బను రంగు వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి ఎండ తగలనివ్వకండి. పతకాన్ని పట్టుకునేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. చెమటలోని ఉప్పు కూడా మచ్చ చేస్తుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. టార్చి లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి, అంచును చుట్టూ ఫొటోలు తీయండి. నీడల వల్ల అరిగిన అక్షరాలు కూడా కనబడతాయి. కనబడిన ప్రతి అక్షరాన్నీ, అంకెనూ కాగితం మీద రాసుకోండి.