ఎదురీదే పులస

చీరాలకు ఈశాన్య దిశలో కృష్ణానది, దానికి ఆవల గోదావరి బంగాళాఖాతంలో కలుస్తాయి. గోదావరి జాలరులు ఏడాది పొడవునా పట్టేవి ప్రధానంగా బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల వంటి మంచినీటి చేపలు. వర్షాకాలంలో ఎర్రని వరదనీరు సముద్రాన్ని చేరిన తరువాత మాత్రం అందరి చూపూ వేరొక చేపపైనే ఉంటుంది. అదే పులస.

దీని నివాసం సముద్రం. అక్కడ దానిని విలస అంటారు. గుడ్లు పెట్టడానికి నదిలో ప్రవేశించి, ప్రవాహానికి ఎదురీదినప్పుడే అది పులస అవుతుంది. ఒకే ప్రాణికి ఉప్పునీటిలో ఒక పేరు, మంచినీటిలో మరొక పేరు పెట్టుకున్న జాలరుల భాషాజ్ఞానం మెచ్చదగినది. ఉత్తర పసిఫిక్ తీరాలలోని సాల్మన్ చేపలు కూడా ఇట్లే నదులకు తిరిగి వస్తాయి. కాని వాటిలో అధిక జాతులు గుడ్లు పెట్టిన పిమ్మట మరణిస్తాయి. పులస మరల సముద్రానికి పోగలదు. దాని పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి, తల్లి వచ్చిన దారినే దిగువకు సాగుతాయి.

1852లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయింది. డెల్టా పంటలకు ప్రాణాధారమైన ఆ కట్టడమే, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న బ్యారేజీ, పులస ప్రయాణానికి అడ్డుగోడగా నిలిచాయి. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ ప్రారంభమైన తరువాత ఎగువన ఈ జాతి చేపలు అరుదైపోయాయి. గోదావరిలో మిగిలిన కొద్దిపాటి దారిలోనూ వలలు కాచుకొని ఉంటాయి. పైగా గుడ్లతో నిండిన పులసకే గిరాకీ ఎక్కువ. ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. అవి దొరకని రోజులలో ఒడిశా తీరపు విలసను పులసగా అమ్మే వర్తకులూ ఉన్నారు.