ఆటవెనుక ఖాతా పుస్తకము

ఆటల వ్యాఖ్యానము వినునప్పుడు క్రీడాకారుల పేర్లే మన చెవిని బడును. ఒప్పందములు వ్రాయించుట, ప్రయాణములు కుదుర్చుట, టిక్కెట్ల రాబడి సరిచూచుట, జీతములు చెల్లించుట వేరొకరి వృత్తి. ఆ వృత్తిలోని పౌరుష మెట్టిదో ఒక ఉదాహరణ చెప్పుదుము.

అమెరికాలో ప్రధాన బేస్‌బాల్ జట్లలో నల్లజాతివారికి ప్రవేశము లేని రోజులలో, వారికి వేరుగా జట్లుండెడివి. వానిలో నెవార్క్ ఈగిల్స్ ఒకటి. ఎఫా మాన్లీ అను మహిళ భర్తతో కలిసి దానికి యజమానురాలై, వ్యవహారమంతయు తానే నడపెను. 1946లో ఆ జట్టు నల్లజాతి జట్ల ప్రపంచ పోటీలో విజయము సాధించెను.

1947లో నిషేధము తొలగనారంభించినది. పెద్ద జట్లు మేటి ఆటగాండ్రను తీసికొనిపోసాగెను. వారిని తీర్చిదిద్దిన యజమానులకు కొందరు దమ్మిడీ యైనను ఈయలేదు. నల్లజాతి జట్ల ఒప్పందములకు విలువ లేదని వారి వాదము. మాన్లీ దానిని ఎదిరించెను. క్లీవ్‌లాండ్ జట్టు లారీ డోబీని కోరగా, బేరమాడి 15,000 డాలర్లు రాబట్టెను. ఆ పైకముతో ఆమె ఒప్పందమునకు విలువ గలదని రుజువైనది.

అయినను ప్రేక్షకులు డోబీ వంటివారి వెంట పెద్ద మైదానములకు తరలిపోయిరి. 1948 ఆటల ఋతువు ముగిసిన పిమ్మట ఆమె జట్టును వదలుకొనెను. 2006లో, మరణానంతరము, బేస్‌బాల్ కీర్తిమందిరమునకు ఎన్నికైన తొలి మహిళ ఆమెయే.